నెయ్యి మానేసినా కొలెస్ట్రాల్ తగ్గదేం?

మా చిన్న మరిదికి 38 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. మనిషి సన్నగా రివటలా ఉంటాడు. మాంసం ముట్టడు, సిగరెట్టు అలవాటు లేదు. ఆస్పత్రి వరండాలోనే చుట్టాలంతా మా తోడికోడలి మీద పడ్డారు. "ముద్దపప్పులో గరిటెడు నెయ్యి పోసి పెడితే ఇంకేమవుతుంది?" అని. పాపం, ఆ పిల్ల నోరెత్తలేదు.

డాక్టరుగారు మాత్రం ముందు "మీ నాన్నగారు ఎన్నో ఏట పోయారు?" అని అడిగారు. మా మామగారు 44వ ఏట గుండెపోటుతోనే పోయారు. తర్వాత మరిది మడమ వెనక తడిమి చూశారు. అక్కడ గట్టిగా, లావుగా ఉంది. చెప్పుల ఒరిపిడి అనుకున్నాం ఇన్నాళ్ళూ. అది పేరుకున్న కొలెస్ట్రాలట!

చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్.డి.ఎల్., 260 ఉంది. పెద్దవాళ్ళకి 190 దాటితే వంశపారంపర్యమేమోనని చూడాలట. మామూలుగా రక్తంలోని ఎల్.డి.ఎల్.ని లివరు పట్టి లాగేస్తుంది. ఆ పట్టుకునే ఏర్పాటు పుట్టుకతోనే సరిగా లేకపోతే అది రక్తంలోనే ఉండిపోతుంది. ఈ సంగతి కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికా డాక్టర్లకి 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఇద్దరి నుంచీ వస్తే చిన్నతనంలోనే గుండెజబ్బు రావచ్చు. మేనరికాలు చేసుకునే ఇళ్ళలో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

అందరం పరీక్ష చేయించుకున్నాం. మావారికి లేదు. మరిది కూతురికి, పదకొండేళ్ళ పిల్లకి, ఉంది. "రేపు పెళ్ళి కావలసిన పిల్ల, బయటికి చెప్పకండి" అన్నారు మా అత్తగారు. అప్పుడు నోరు విప్పింది మా తోడికోడలు. "మామయ్యగారు తెలియక పోయారు అత్తయ్యా. తెలిసీ దాచి దీన్నేం చేసుకుంటాం?"

నెయ్యి, వేపుళ్ళు తగ్గించడం మంచిదే. కానీ ఈ జబ్బుకి పథ్యం ఒక్కటే చాలదు. స్టాటిన్ మాత్రలు వాడాలి, లెక్క తగ్గిందని మానకూడదు. పిల్లలకి కూడా ఎనిమిది, పదేళ్ళ నుంచి డాక్టర్లు చూసి ఇస్తారు. గర్భం కోసం చూసేవాళ్ళు మాత్రం ముందే డాక్టరుకి చెప్పాలి.

మీ ఇంట్లో మగవాళ్ళెవరికైనా 55 లోపు, ఆడవాళ్ళకి 60 లోపు గుండెపోటు వచ్చిందా? అయితే రక్తపరీక్ష చేయించండి. తద్దినాల తిథులు గుర్తుపెట్టుకునేది మనమేగా! పోయినవాళ్ళ వయసులు కూడా ఒకసారి లెక్క వేసుకోండి.