హాలీ సిక్కా

హాలీ సిక్కా హైదరాబాదు సంస్థానములో చెలామణి అయిన రూపాయి. ఉస్మానియా సిక్కా అనియు అందురు. బ్రిటిషు ఇండియా రూపాయిని సంస్థాన ప్రజలు కల్దారు అని పిలిచేవారు. రెండింటిలోను రూపాయికి 16 అణాలే అయినను విలువలు వేరు.

మారకపు విలువ

7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానము. అనగా 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ సిక్కా. ఈ తేడాకు మూలము నాణెములలోని వెండి. 20వ శతాబ్ది తొలినాళ్ళలో హాలీ రూపాయిలో సుమారు 9.1 గ్రాముల వెండి ఉండగా, కల్దారులో సుమారు 10.7 గ్రాములు ఉండేది. ఈ నిష్పత్తి దాదాపు 6:7.

పాత పత్రములు చదువునపుడు

ఏ సిక్కాయో చూడకుండ అంకెలను పోల్చరాదు. ఖమ్మములో 70 హాలీ రూపాయల జీతము, బెజవాడలో 60 కల్దార్ల జీతము సమానమే. అంకెను మాత్రమే చూచినచో ఖమ్మము ఉద్యోగికి 10 రూపాయలు అధికముగా ముట్టినవని పొరబడుదుము. శిస్తులు, అప్పుపత్రములు, ధరల విషయములోను ఇంతే.

నోట్లు, విలీనము

మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండి కొరత ఏర్పడగా, 1918లో సంస్థానము సొంత నోట్లను జారీచేయుటకు చట్టము చేసినది. 1948లో సంస్థానము భారతదేశములో కలిసిన పిమ్మట, 1950లో భారత రూపాయి అక్కడ ప్రవేశించినది. అప్పుడును 7:6 నిష్పత్తినే పాటించుటచే ప్రజల పొదుపు సొమ్ము విలువ తగ్గలేదు. కొన్నేళ్ళు రెండును చెలామణి అయిన తరువాత 1959లో హాలీ సిక్కా రద్దయినది.