జంట నక్షత్రాల గురుత్వ తరంగాలు

జంట నక్షత్రాల గురుత్వ తరంగాలు అనగా ఒకదాని చుట్టూ మరొకటి పరిభ్రమించే రెండు నక్షత్రాల నుండి ఎడతెగక వెలువడే గురుత్వ తరంగాలు. 2015 సెప్టెంబరు 14న లైగో శోధకాలు మొట్టమొదట గుర్తించిన తరంగాలు రెండు కృష్ణబిలాల విలీనం నుండి వచ్చినవి. ఆ సంకేతం ఒక సెకను కూడా నిలువలేదు. జంట నక్షత్రాల తరంగాలు మిక్కిలి బలహీనమైనవైనా, ఏళ్ళ తరబడి దాదాపు ఒకే పౌనఃపున్యంతో సాగుతాయి. వీటిని నేరుగా గుర్తించడం ఇంకా సాధ్యపడలేదు.

అంతరిక్షమే ఎందుకు?

జంట సగం చుట్టు తిరిగేసరికి రెండు నక్షత్రాలు స్థానాలు మార్చుకొంటాయి. అందువలన ఒక్కొక్క చుట్టుకు రెండు తరంగాలు వెలువడతాయి. ఉదాహరణకు, కర్కాటక రాశిలోని హెచ్.ఎం. కాంక్రి అనే జంటలో రెండు శ్వేత కుబ్జ తారలు సుమారు 321 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతాయి. కనుక అక్కడి నుండి సుమారు 160 సెకన్లకు ఒక తరంగం వస్తుంది. ఇంత నిదానమైన కంపనాలను భూమిపై నేల అదురు, గాలి కదలికలు కప్పివేస్తాయి.

లీసా

ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో ఆమోదించిన లీసా ప్రయోగంలో నాసా కూడా భాగస్వామి. ప్రయోగాన్ని 2035లో జరపాలని సంకల్పించారు. దీనిలో మూడు వ్యోమనౌకలు 25 లక్షల కిలోమీటర్ల భుజాలు గల త్రిభుజంగా ఏర్పడి, భూమి వలెనే సూర్యుని చుట్టూ తిరుగుతాయి. ప్రతి నౌకలోను బంగారం, ప్లాటినం మిశ్రమంతో చేసిన ఘనాలు స్వేచ్ఛగా తేలుతుంటాయి. గురుత్వ తరంగం వచ్చినపుడు వాటి మధ్య దూరంలో కలిగే అతిసూక్ష్మమైన మార్పును లేసర్ కిరణాలతో కొలుస్తారు. ఈ ఘనాలను ఇతర బలాలు తాకకుండా ఉంచగల పద్ధతిని 2015లో ప్రయోగించిన లీసా పాత్‌ఫైండర్ నిరూపించింది.

సంకేతాన్ని వేరుచేసే విధానం

ఒక్క తరంగం రొదలో కలిసిపోతుంది. కానీ హెచ్.ఎం. కాంక్రి నుండి ఏడాదికి సుమారు 1,96,000 తరంగాలు వస్తాయి. వాటిని కూడినకొద్దీ సంకేతం పైకి తేలుతుంది. పరిశీలన కాలం నాలుగింతలైతే స్పష్టత రెండింతలవుతుంది. లీసా సూర్యుని చుట్టూ తిరగడం వలన డాప్లర్ ప్రభావంచేత పౌనఃపున్యం ఏడాది పొడవునా కొద్దిగా మారుతుంది. ఈ మార్పును బట్టి జంట ఆకాశంలో ఏ దిశన ఉన్నదో తెలుస్తుంది.

పాలపుంతలోని లక్షలాది జంటల తరంగాలు కలిసిపోయి ఒక హోరుగా వినిపిస్తాయి. వాటిలో పదివేలకు పైగా జంటలను విడిగా గుర్తించవచ్చునని అంచనా.

ప్రాముఖ్యత

1974లో హల్స్, టేలర్‌లు కనుగొన్న జంట పల్సార్ కక్ష్య కుంచించుకుపోతున్న తీరు గురుత్వ తరంగాలకు పరోక్ష నిదర్శనమైంది. ఇందుకు వారికి 1993లో నోబెల్ బహుమతి లభించింది. హెచ్.ఎం. కాంక్రి వంటి జంటల పరిభ్రమణ కాలం దూరదర్శినుల ద్వారా ముందే తెలుసు. కనుక లీసాకు ఇవే తొలి పరీక్ష. తగిన కాలం పరిశీలించిన తరువాత కూడా అవి కనబడకపోతే పరికరంలోనో, జంటలను గురించిన మన అవగాహనలోనో, చివరకు సాపేక్ష సిద్ధాంతంలోనో లోపమున్నదని భావించవలసి వస్తుంది.