లూపు జాడ

ఆఱవ నిజాము కొలువున నున్న ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియను పెట్టిన అంగడి వలన పేరొందిన హైదరాబాదు ఆబిడ్సులో, ఆదివారమునాడు దుకాణములు మూతపడి వాని ముందరి కాలిబాట పాతపుస్తకముల వశమైనపుడు, నవలల కట్టలకును పోటీపరీక్షల గైడులకును నడుమ కానేట్కర్, బాలగురుస్వామి మొదలగువారి 'సి' భాషాగ్రంథములు విరిగిన అట్టలతో తఱచుగా కానవచ్చును. ఆ పుటల అంచులలో పూర్వపు సొంతదారులెవరో పెన్సిలుతో గీచిన నిలువుగడులు, వానియందు మెట్లు దిగివచ్చునట్లు వ్రాసిన అంకెలు ముద్రితపాఠము కంటె నాకు విలువైనవిగా తోచును. ఏలయన, విద్యార్థి యంత్రముయొక్క స్థానమున తానే కూర్చుండి, ఆజ్ఞ వెంట ఆజ్ఞగా నడచి చూచిన జాడలవి. మన కళాశాలలలో దీనినే డ్రైరన్ అందురు. ఏటేట నుమాయిష్ జరుగు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానములోనే కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ కలదు. అట్టి చోట్ల కంప్యూటరు కోర్సున క్రొత్తగా చేరు బాలికలకు ఈ గడుల పట్టిక తప్పని తొలిమెట్టు.

క్రొత్తగా చేరినవారు కూడికను, హెచ్చవేతను, షరతునుగూడ సులువుగా గ్రహింతురు గాని లూపు దగ్గఱ తడబడుదురు. పుటమీద మూడే పంక్తులు, నిశ్చలముగా నుండును. వానిని పై నుండి క్రిందికి చదివిన కన్నులకు ఆ పని ఒక్కమాఱే జరిగినట్లుండును. యంత్రమో, ఆ మూడింటినే పదిమాఱులు, వేయిమాఱులు, ప్రతిమాఱును వేఱు విలువలతో నడుపును. దీనికి విద్యార్థి బుద్ధిమాంద్యము కారణమని నేను తలపను. లూపు ఒకప్పుడు చేతబట్టుకొనదగిన శరీరము గల వస్తువు. ఆ శరీరము పోయిన పిమ్మట పుట్టినవారము మనము.

చార్లెస్ బాబేజ్ తలపెట్టిన విశ్లేషణయంత్రము ఏనాడును పూర్తి కాలేదు. ఐనను పట్టునేతయందు జకార్డ్ వాడిన రంధ్రముల అట్టలనే దానికి ఆజ్ఞలుగా ఇయ్యదలచి, ఆ అట్టల వరుసను వెనుకకు త్రిప్పి మరల నడిపించు ఉపాయమునుగూడ ఆతడు యోచించియుండెను. ఆ యంత్రమును గూర్చి మెనాబ్రియా ఫ్రెంచిలో వ్రాసిన వ్యాసమును 1843లో ఆంగ్లీకరించుచు అడా లవ్‌లేస్ దానికి మూలముకంటె దీర్ఘములైన వ్యాఖ్యలు చేర్చెను. కడపటి వ్యాఖ్యలో బెర్నూలీ సంఖ్యలను గణించు విధానము ఒక పెద్ద పట్టికగా నున్నది: అడ్డవరుసకొక క్రియ, నిలువుగడికొక రాశి, ఏ క్రియవలన ఏ రాశి ఎట్లు మాఱునో ఆయా గడులలో, 23వ క్రియ ముగియగానే, 13వ క్రియ మొదలుకొని ఆ క్రియలన్నియు మరల జరుగవలెనను సూచన. ఇది ప్రపంచమున మొదటి ప్రోగ్రామా కాదా యని పండితులు తర్కించుచునే యుందురు. నా కంటికి మాత్రమది ప్రోగ్రాముకంటె డ్రైరన్ పట్టికకే దగ్గఱి చుట్టముగా కనబడును. అందు నాల్గవ క్రియలో భాజ్యభాజకములు తాఱుమాఱైనవి. యంత్రమే లేనపుడు నడిపి చూచి తప్పుపట్టువారెవరు?

లూపునకు నిజమైన శరీరము లభించినది 1944లో, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన మార్క్ వన్ అను యంత్రమున. హవర్డ్ ఐకెన్ సంకల్పింపగా ఐబీఎం సంస్థ నిర్మించిన ఆ యంత్రము 51 అడుగుల పొడవున పఱచుకొని, సెకనుకు మూడు కూడికలు చేయుచుండెను. దానికి ఆజ్ఞలు కాగితపు పట్టీ మీది రంధ్రములుగా అందుచుండెను. ఒక్కొక్క అడ్డవరుసలో 24 రంధ్రములకు చోటు. ఒక గణనము పలుమాఱులు జరుగవలసినపుడు ఆనాటి ప్రోగ్రామరులు (గ్రేస్ హాపర్ వారిలో నొకతె) పట్టీ రెండుకొనలను కలిపి అతికి యంత్రమునకు తగిలించుచుండిరి. పట్టీ తిరిగినంతసేపును గణనము తిరుగుచుండును. లూపు ఎచట మొదలగునో, ఎంత పొడవో, ఇప్పుడు ఏ వరుస చదువబడుచున్నదో తెలిసికొనగోరినవాడు దగ్గఱకు పోయి చూచిన చాలును. ఐతే, ఫలితమునుబట్టి ఈ దారియో ఆ దారియో తనంత నిర్ణయించుకొను శక్తి ఆ పట్టీకి మొదట లేదు. రైల్వే యార్డులో పాయింట్లు మార్చి బండిని వేఱు పట్టాల కెక్కించినట్లు, గణనమును నడుమనే దారి మళ్ళించు సాధనము దానికి తరువాతికాలమున చేరెను.

ఇంతలో కాగితమే మాయమయ్యెను. 1948 జూన్ 21వ తేదీన మాంచెస్టరు విశ్వవిద్యాలయమున టామ్ కిల్‌బర్న్ వ్రాసిన 17 ఆజ్ఞల ప్రోగ్రాము, యంత్రముయొక్క జ్ఞాపకముననే నిలిచి, అచటి నుండియే నడచెను. 2,62,144ను నిశ్శేషముగా భాగించునట్టి, దానికంటె చిన్నదైన సంఖ్యలలో పెద్దదానిని కనుగొనుట దాని పని. యంత్రమునకు భాగహారము రాదు గనుక, 2,62,143 మొదలుకొని ఒక్కొక్కటే తగ్గించుచు, ప్రతిసంఖ్యను మరల మరల తీసివేసి చూచుచు, లూపులోపల లూపుగా 52 నిమిషములు శ్రమించి, 1,31,072 అని సరిగా చెప్పెను. సగమేనని బడిపిల్లవాడు నోటితో చెప్పగల జవాబది. యంత్రము అలయక నిలువగలదా యని పరీక్షించువారికి అట్టి తెలిసిన జవాబే అక్కఱ. ఆ 17 ఆజ్ఞలలో, వెనుకకు పొమ్మను మాట తప్ప లూపునకు వేఱు రూపము లేదు. అంతకు ముందటి యేడే గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ అనువారు ఆజ్ఞల నడకను పెట్టెలుగాను బాణములుగాను గీయు పద్ధతిని ప్రకటించియుండిరి. పైకి తిరిగిపోవు ఆ బాణమే అతికిన పట్టీకి మిగిలిన చిత్రపటము. 1957లో ఫోర్ట్రాన్ భాష వచ్చి ఆ బాణమునుగూడ ఒక్క పదములో ఇమిడించెను.

ఆ పదము లోపల జరుగునది తెలియవలెనన్న గడులు గీయవలసినదే. 1907ను తీసికొందము, నాంపల్లి రైల్వేస్టేషను వెలసిన సంవత్సరమది. దాని అంకెలను వెనుకనుండి ముందునకు త్రిప్పి వ్రాయుట ప్రయోగశాలలలో అందఱు నెఱిగిన అభ్యాసము. మూడు గడులు చాలును: మిగిలిన సంఖ్య, ఊడిన అంకె, కూర్చిన సంఖ్య. మిగిలిన సంఖ్య సున్న కానంతవఱకు మూడు పనులు జరుగును. దానిని పదింట భాగింపగా వచ్చు శేషము ఊడిన అంకె. కూర్చిన సంఖ్యను పదింతలు చేసి ఆ అంకెను కలుపవలెను. పిమ్మట మిగిలిన సంఖ్యను పదింట భాగించి భిన్నమును విడువవలెను. తొలిచుట్టున 7 ఊడి, కూర్చినది 7 అయి, 190 మిగులును. రెండవచుట్టున ఊడునది 0, కూర్చినది 70, మిగిలినది 19. మూడవదాన 9, 709, 1. నాల్గవదాన 1, 7091, 0. షరతు చెల్లకపోవుటచే లూపు అచట ఆగును.

ఇపుడు మూడవ పనిని పొరపాటున మొదటికి తెచ్చితిమనుకొందము. పంక్తులవే, షరతు అదే. జవాబు మాత్రము 910. పంక్తులను ఎన్నిమాఱులు చదివినను ఈ తప్పు చిక్కదు, ఒక్కొక్క పంక్తియు విడిగా చూచిన సరియైనదే గనుక. గడులు నింపినవానికో, మొదటివరుసలోనే 1907 కాస్తా 190 అయి, ఊడిన అంకె చోట 7కు బదులు 0 పడుట కంటబడును.

బోర్లాండ్ సంస్థ 1987లో వెలువరించిన టర్బో సి, అటుపిమ్మటి కూర్పులలో, ప్రోగ్రామును పంక్తి వెంట పంక్తిగా నడిపి చూచు ఈ పనికే ఒక మీటను కేటాయించెను. దాని నీలితెర, కాలము చెల్లిన పెక్కేండ్లకును, మన కళాశాలల ప్రయోగశాలలను విడిచిపోలేదు. ఎఫ్7 నొక్కినకొలది వెలుగుపట్టె ఒక్కొక్క పంక్తి దిగి, లూపు అడుగునకు చేరి, చటుక్కున పైకెగయును. వాచ్ కిటికీలో విలువలు మాఱుచుండును. హార్వర్డు పట్టీకి పోయిన దేహము ఈ విధముగా తిరిగివచ్చెననవచ్చును. కాని మీట నొక్కువాడు రాబోవు విలువను ఊహింపడు, చూచును; చూచినది నిజమే గనుక తన యూహ ఎచట తప్పెనో ఆతనికి తెలియదు. అందుచేత పెన్సిలు ముందు, మీట తరువాత అనుట నా మతము.

పెన్సిలొక్కటే చాలునని గూడ అనను. మూడవ పనిని వ్రాయుటయే మఱచినచో, మిగిలిన సంఖ్య 1907గనే నిలిచిపోవును. ప్రతిచుట్టున 7 ఊడును. కాగితము మీద కూర్చిన సంఖ్య 7, 77, 777, 7777, 77777 అని అంతులేక పెరుగును. టర్బో సి వాచ్ కిటికీలోనైతే అయిదవచుట్టున కనబడునది 12241. ఆ భాషారూపమున సాధారణపూర్ణాంకమునకు 16 బిట్లే గనుక 32,767 దాటిన విలువకు తావు లేదు. 77,777లో 65,536 పోగా మిగిలినదే తెరమీది సంఖ్య. గడులు ముందే నింపుకొని కూర్చున్న విద్యార్థి మాత్రమే ఈ రెంటికిని పొసగకపోవుట గమనించి, యంత్రపు గడికి కూడ వెడల్పున్నదని తెలిసికొనును. ట్రాంబేలో రూపొంది హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైన టీడీసీ-12 అను కంప్యూటరులో పదమునకు, అనగా ఒక్క గడికి, 12 బిట్లు, కనుక 4096 భేదములు. ఆ లూపును దానిపై నడిపినచో ఇంకొక చుట్టు ముందే, 7777 వద్దనే, ఒక్క పదమున చోటు చాలకపోవును.