పరివర్తక ఫలకము – దోషప్రవాహ గణనము

రాష్ట్రము లేదైనను, మన వీధిచివర నిలిచియుండు విద్యుత్పరివర్తకము, అనగా వాడుకలోని ట్రాన్సుఫార్మరు, ఒక్క తీరుననే పనిచేయును. దానికి బిగించిన లోహఫలకముపై కొన్ని సంఖ్యలుండును. తీగలు ఒండొంటిని తాకి లఘువలయ మేర్పడినప్పుడు ఎంత విద్యుత్తు ప్రవహించునో ఆ సంఖ్యలనుండియే అంచనా వేయవచ్చును. ఇట్టి ప్రవాహమునకు దోషప్రవాహమని పేరు. దీని నెరుగక ఫ్యూజును గాని బ్రేకరును గాని ఎన్నుకొనుట, బరువు తెలియక మోకు నెన్నుకొనుట వంటిది.

ఉదాహరణమునకు 11,000 వోల్టులను 433 వోల్టులకు దించునట్టి 100 కిలోవోల్టు-ఆంపియరుల మూడు ఫేజుల పరివర్తకమును గైకొందము. లక్ష వోల్టు-ఆంపియరులను 433 చేతను, మూడింటి వర్గమూలమగు 1.732 చేతను భాగింపగా సుమారు 133 ఆంపియరులు వచ్చును. ఇది పూర్ణభారప్రవాహము.

ఫలకముపై అవరోధశాతము 4.5 అని యున్నదనుకొందము. దీని యర్థమేమి? దిగువ వోల్టేజి కొనలను మూడింటిని కలిపివేసి, ఎగువ వైపున వోల్టేజిని మెల్లగా పెంచినచో, 11,000లో నూటికి 4.5 వంతు, అనగా 495 వోల్టులకే పూర్ణభారప్రవాహము ప్రసరించును. కావున పూర్తి వోల్టేజి యున్నప్పుడు ఆ ప్రవాహము 100ను 4.5చే భాగించినన్ని రెట్లు, అనగా 22 రెట్లకు పైగా నగును. 133.3ను 0.045 చేత భాగింపగా సుమారు 2,960 ఆంపియరులు తేలును.

ఈ లెక్కలో ఎగువనున్న సరఫరాకు అవరోధమే లేదని భావించితిమి. నిజమునకు కొంత యుండును గనుక ప్రవాహము కొంచెము తగ్గును. పెద్ద మోటారులున్న చోట అవియు క్షణకాలము దోషమునకు విద్యుత్తు నందించును. దానిని వేరుగా కలుపుకొనవలెను.

ఇందలి ప్రయోజనము స్పష్టము. అవసరము పెరిగి, అదే అవరోధశాతము గల 500 కిలోవోల్టు-ఆంపియరుల పరివర్తకమును నిలిపినచో, దోషప్రవాహము అయిదు రెట్లై సుమారు 14,800 ఆంపియరుల కెక్కును. తీగలలో పుట్టు వేడిమియు, వాటి నడుమ కలుగు బలమును ప్రవాహవర్గము ననుసరించి పెరుగును గనుక అవి 25 రెట్లగును. పరివర్తకము చెంతనే 10,000 ఆంపియరులను మాత్రమే ఆపగల బ్రేకరున్నచో అది దోషమును త్రుంచజాలక తానే పగిలిపోవచ్చును. పరివర్తకమును మార్చినవారు బ్రేకరులనుగూడ పునఃపరిశీలింపవలెను.

దీనికి మారుముఖ మొకటి గలదు. పరివర్తకమునుండి దూరమైన కొలది తీగల అవరోధము కలియుచు దోషప్రవాహము క్షీణించును. తెగిన తీగ పొడినేలపై పడినప్పుడు మరియు తగ్గును. ఫేజునకు, భూమికి నడుమ 250 వోల్టులు, మార్గనిరోధము 50 ఓములు అయినచో ప్రవాహము 5 ఆంపియరులే. పరివర్తకము వద్ద వంద ఆంపియరులు మోయు ఫ్యూజు దీనిని గుర్తింపనే గుర్తింపదు. ఫ్యూజు కాలలేదు, మంట కనబడలేదు. అయినను తీగ సజీవముగనే యుండును. ప్రాణాపాయమునకు 5 ఆంపియరులలో నూరవ వంతును మించినంత చాలును.

కావున గరిష్ఠప్రవాహము బ్రేకరు బలమును, కనిష్ఠప్రవాహము ఫ్యూజు సూక్ష్మతను నిర్ణయించును. తుది నిర్ణయము ఇంజనీరులదే యైనను, భాగహారము, శాతము, వర్గమూలము నేర్చిన ఉన్నతపాఠశాల విద్యార్థికి ఈ లెక్క అందనిది కాదు. ఫలకమును చదువుట నేర్పుడు. పడిన తీగకు దూరముగా నిలుచుటయు నేర్పుడు.