ఫలాగమము లేని రూపకము

తేలని రాజకీయ హత్య నాటకవస్తువైనచో ముగింపు ఎట్లుండవలెను? హైదరాబాదున జన్మించిన నాగేశ్ కుకునూర్ దర్శకత్వమున 2025లో వెలువడిన ‘ద హంట్’ అను ఏడు భాగముల ధారావాహిక ఈ విచారమునకు తావిచ్చుచున్నది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరున జరిగిన రాజీవ్‌గాంధీ హత్య, తదనంతరాన్వేషణము దీని ఇతివృత్తము. ఆ సాయంకాలము ఆయన విశాఖపట్టణమునుండియే మద్రాసునకు విమానమెక్కెను గనుక తెలుగువారికిది పరాయి కథ కాదు.

వధను రంగమున చూపరాదని ధనంజయుడు నిషేధించెను. నేటి ప్రదర్శనమునకు ఆ నియమము వర్తింపదని మా అభిప్రాయము. అవస్థాపంచకము మాత్రము చక్కగా వర్తించును. పేలుడులో మరణించిన ఛాయాగ్రాహకుని కెమెరా చెడక దొరకుట ఆరంభము. అందలి చిత్రములను బట్టి మనుష్యులను గుర్తించుట యత్నము. సూత్రధారి శివరాసన్ బెంగుళూరు చెంత కోననకుంటెలో ఉన్నాడని తెలియుట నియతాప్తి. పై ఆజ్ఞకై ఎదురుచూచుటలో కాలము గడచెను. ఆగస్టు 20న ఇల్లు చొచ్చునప్పటికి అతడు విగతజీవి. వెనుక ఇంకెవరుండిరో చెప్పగల నోరు మూతపడెను.

న్యాయస్థానమున కథ సాగినది. మరణశిక్ష పడిన 26 మందిలో 19 మంది 1999లో సుప్రీంకోర్టు తీర్పుతో విడుదలైరి. విస్తృతమైన కుట్రను గూర్చిన ప్రశ్న తీరలేదు. ఫలాగమము లోపించిన ఇట్టి వస్తువున నాయకుడు ధీరోదాత్తుడై ఫలము నందజాలడు. నియతాప్తికిని ఫలమునకును నడుమ వేచియున్న ఆ గడియలే ప్రేక్షకుని మనస్సును పట్టి ఉంచును.