ఇంజను బిగించిన సైకిల్లో క్లచ్ మొరాయిస్తే

సైకిలు ఫ్రేము మధ్యలో బిగించుకునే చిన్న పెట్రోలు ఇంజను కిట్లు ఎక్కువగా చైనాలో తయారైనవే. వాటిలో బాగా వ్యాపించినది రెండు స్ట్రోకుల ఇంజను. సామర్థ్యం 48 సీసీ, లేదా 66 సీసీ. ఈ రెండోదాన్నే చాలాచోట్ల 80 సీసీ అని చెప్పి అమ్ముతారు. హ్యాండిలుకు ఒక క్లచ్ లివరు, ఇంజను నుంచి వెనక చక్రానికి విడిగా ఒక చైను ఉంటాయి. గేర్లు మార్చే ఏర్పాటు ఉండదు. టీవీఎస్ మోపెడ్‌కు అలవాటు పడిన చేతికి ఇది కొత్త. మోపెడ్‌లో ఇంజను వేగం పెరిగితే క్లచ్ తనంతట తానే పట్టుకుంటుంది. ఇక్కడ పట్టించడమూ, విడిపించడమూ చేతి పనే. బండి స్టార్టయ్యేదీ క్లచ్ మీదే. లివరు నొక్కి తొక్కుతూ వేగం అందుకున్నాక వదిలితే, వెనక చక్రమే ఇంజనును తిప్పి లేపుతుంది.

మన దేశంలో ఇలాంటి బండి కట్టేవాళ్లు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 25 సీసీ దాటని ఇంజను ఉన్న రెండు, మూడు చక్రాల బండ్లను మాత్రమే మోటారు వాహనాల లెక్కలోంచి మినహాయించింది. 48 సీసీ, 66 సీసీ ఇంజన్లు ఆ మినహాయింపులోకి రావు. రిజిస్ట్రేషన్ లేకుండా వాటిని రోడ్డెక్కించడం నేరం.

ఈ క్లచ్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం రిపేరు అయినట్టే. క్రాంకు చివర 20 పళ్ల చిన్న గేరు ఉంటుంది. అది 82 పళ్ల పెద్ద గేరును తిప్పుతుంది. పెద్ద గేరులో వరసగా ఉన్న రంధ్రాల్లో రాపిడి బిళ్లలు కూర్చుని ఉంటాయి. స్ప్రింగు బలంతో ప్రెజర్ ప్లేటు ఆ బిళ్లలను అదిమినప్పుడు పెద్ద గేరూ, చైను స్ప్రాకెట్ ఉన్న షాఫ్టూ కలిసి తిరుగుతాయి. లివరు నొక్కితే వైరు ఇంజను అవతలి పక్కనున్న చిన్న ఆర్మును లాగుతుంది. ఆర్ము కింది క్యామ్ తిరిగి ఒక పొట్టి కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ ఒక ఉక్కు గోళీని, గోళీ బోలు షాఫ్టులోని పొడవాటి సన్నకడ్డీని నెడతాయి. సన్నకడ్డీ ప్రెజర్ ప్లేటును బయటికి తోయగానే బిళ్లల మీద పట్టు వదులుతుంది.

జబ్బు ఏ వైపుదో తేల్చడానికి పనిముట్లు అక్కర్లేదు. ఇంజను ఆపి, లివరు నొక్కి, దానికుండే గుండీతో లాక్ చేసి బండిని ముందుకు తోయాలి. తేలిగ్గా దొర్లాలి. లాక్ తీసి మళ్లీ తోస్తే ఇంజను బుసకొడుతూ అడ్డుపడాలి. మొదటిసారే బరువుగా కదిలితే క్లచ్ విడవడం లేదు. రెండోసారి కూడా సునాయాసంగా దొర్లితే క్లచ్ పట్టడం లేదు, జారుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోవడమూ జారుడు గుర్తే.

ఎక్కువమంది ఇక్కడే తొందరపడి కొత్త బిళ్లలు కొంటారు. కానీ ఈ క్లచ్‌లో తప్పు చాలాసార్లు బయటే, అంటే వైరులోనే ఉంటుంది. లివరు వదిలినప్పుడు ఆర్ము దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. వైరు బిగువుగా ఉండి ఆ ఖాళీ లేకపోతే కడ్డీ ఎప్పుడూ ప్లేటును నెడుతూనే ఉంటుంది. బిళ్లలు కొత్తవైనా క్లచ్ జారుతుంది. ఖాళీ మరీ ఎక్కువైతే లివరు పూర్తిగా నొక్కినా ప్లేటు కదలదు. వైరు ఎక్కడైనా మెలిక తిరిగిందా, తొడుగులో తుప్పు పట్టిందా, చివర పోగులు తెగాయా అన్నది కూడా చూడాలి. లాగడం మొదలయ్యే చోట ఆర్ము వైరుకు దాదాపు అడ్డంగా ఉండాలి. ఏటవాలుగా ఉంటే లాగిన బలంలో చాలాభాగం వృథా అవుతుంది.

వైరు సరిగ్గా ఉన్నా విడవకపోతే గోళీ వంతు వస్తుంది. స్ప్రాకెట్ మూత విప్పినప్పుడు పొట్టి కడ్డీతో పాటు గోళీ కూడా జారి పడిపోతుంది. గ్రీజు అంటుకుని ఏ గుడ్డలోనో చిక్కుకుంటుంది, కనపడదు. అన్నీ తిరిగి బిగించాక లివరు మామూలుగానే కదులుతుంది కానీ లోపల మాత్రం ఏమీ జరగదు. అందుకే ఆ మూత తీసేముందే బండి కింద ఒక పళ్లెం పెట్టుకోవాలి. గోళీ ఉండి కూడా విడవకపోతే క్యామ్ అరిగిందేమో చూసి, దానికి కాస్త గ్రీజు రాయాలి. చాన్నాళ్లు నిలబెట్టిన బండిలో బిళ్లలు ప్లేటుకు అతుక్కుపోవడమూ ఉంది. లివరు లాక్ చేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే తరచుగా ఊడివస్తాయి. చైను మరీ బిగిసినా బండి బరువుగానే దొర్లుతుంది కాబట్టి, అది మధ్యలో అర అంగుళం దాకా ఆడుతోందో లేదో చూడకుండా క్లచ్‌ను తప్పుపట్టకూడదు.

ఇంత చూశాకే క్లచ్ మూత తీయాలి. ప్లేటు మధ్యలో పువ్వు ఆకారపు నట్టు, దాని అంచు గాడిలో అది తిరక్కుండా పట్టి ఉంచే చిన్న స్క్రూ కనిపిస్తాయి. లివరు లాక్ చేసి, ఆ స్క్రూ తీసి నట్టును పావు చుట్టు మాత్రమే తిప్పాలి. క్లచ్ జారుతుంటే బిగించాలి, విడవకుంటే వదులు చేయాలి. స్క్రూను తిరిగి పెట్టి, వైరు ఖాళీ మళ్లీ సరిచూసి, తోసి చూడాలి. సరిపోకపోతే ఇంకో పావు చుట్టు. ఒకేసారి బలంగా బిగిస్తే జారుడు పోతుంది కానీ క్లచ్ విడవడం మానేస్తుంది.

బిళ్లలు జిడ్డుగా ఉంటే కారణం చాలాసార్లు గ్రీజు అతిగా పూయడమే. రెండు గేర్ల పళ్లు కలిసేచోట కొద్దిగా రాస్తే చాలు. ఎక్కువైతే వేడికి కరిగి బిళ్లల మీదికి చిమ్ముతుంది. ప్లేటు తీసి, మంటకు దూరంగా, అసిటోన్‌తో బిళ్లలనూ ప్లేటునూ తుడిచి ఆరనివ్వాలి. అద్దంలా మెరుస్తున్న బిళ్లలను ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దాలి. కాలి నల్లబడినవాటినీ, పగిలినవాటినీ, గేరు ముఖానికి సమంగా అరిగిపోయినవాటినీ సెట్టు మొత్తంగా మార్చాలి. ఒకటి రెండే మారిస్తే ఎత్తు తేడా వచ్చి క్లచ్ అదురుతూ పట్టుకుంటుంది.

అరుదుగా ఇవన్నీ బాగుండి కూడా ఇంజను తిరగదు. స్పార్క్ ప్లగ్ విప్పి రంధ్రంలోకి చూస్తూ బండిని తోయించాలి. చిన్న గేరు తిరుగుతున్నా పిస్టన్ కదలకపోతే, క్రాంకుకూ గేరుకూ మధ్యనున్న చిన్న కీ ముక్క తెగినట్టు. ఆ గేరును సుత్తితో కొట్టి తీస్తే క్రాంకు చెడుతుంది. తగిన పుల్లరుతోనే ఊడదీసి కొత్త ముక్క వేయాలి.

కొత్త బిళ్లలు వేశాక మొదట్లో అవి ప్లేటుకు సర్దుకుంటూ కొంత అరుగుతాయి, వైరు ఖాళీ మారుతుంది. మొదటి కొద్ది ప్రయాణాల తర్వాత ఆర్ము దగ్గర ఖాళీని మళ్లీ ఒకటి రెండు మిల్లీమీటర్లకు తెచ్చుకోవాలి.