ఫెర్రారా: సైకిల్‌పై చూడవలసిన ఊరు, నెమ్మదిగా తినవలసిన భోజనం

ఉత్తర ఇటలీలో బొలోన్యా నుంచి వెనిస్‌కు వెళ్లే రైలు మార్గంలో ఫెర్రారా ఉంది. పర్యాటకులలో చాలామంది ఈ స్టేషన్‌లో దిగకుండానే సాగిపోతారు. దిగినవారికి మొదట కనిపించేవి వరుసలుగా నిలిపి ఉంచిన సైకిళ్లే. సుమారు 1,30,000 జనాభా గల ఈ ఊరిని ఇటలీ ప్రజలు ‘సైకిళ్ల నగరం’ అంటారు. విద్యార్థులకు, ఉద్యోగులకు, సంచీ తగిలించుకుని అంగడికి బయలుదేరే వృద్ధులకు కూడా ఇక్కడ అదే వాహనం. ఈ అలవాటు ఎందుకు నిలిచింది? సైకిల్‌పై తిరిగేవారికి ఇక్కడ ఏ రుచులు ఎదురవుతాయి?

నేల, వీధులు

మొదటి కారణం భూమి స్వభావం. పో నది మైదానంలోని ఈ ఊరి నేల దాదాపు చదును. సముద్రమట్టానికి ఎత్తు సుమారు 9 మీటర్లే. రెండో కారణం వీధుల కొలత. దక్షిణాన ఉన్న మధ్యయుగపు పేటలో వీధులు ఇరుకు. కార్ల రాకపోకలపై అక్కడ పరిమితులున్నాయి. ఉత్తరాన వీధులు వెడల్పుగా, తిన్నగా ఉంటాయి. ఎస్టే వంశానికి చెందిన డ్యూక్ మొదటి ఎర్కోలే సంకల్పంతో వాస్తుశిల్పి బియాజో రోసెట్టి 1492లో ఆరంభించిన విస్తరణ ఇది. దాని ఇటాలియన్ పేరుకు ‘ఎర్కోలే చేర్పు’ అని అర్థం. ముందుగా ప్రణాళిక గీసి ఊరిని పెంచిన ఈ ప్రయత్నానికి గుర్తింపుగా యునెస్కో 1995లో ఫెర్రారాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సవారీని కోట నుంచి మొదలుపెట్టడం సులువు. పన్నుల భారంపై ప్రజలు తిరగబడిన 1385లో ప్రభువులు తమ రక్షణ కోసం కట్టించుకున్న కోట ఇది. చుట్టూ ఉన్న అగడ్తలో నేటికీ నీరుంది. అక్కడి నుంచి ఉత్తరానికి సాగితే ‘వజ్రాల భవనం’ వస్తుంది. దాని గోడలకు వజ్రపు కోణాలుగా చెక్కిన సుమారు 8,500 పాలరాతి దిమ్మలు అమర్చారు. ఆపై ఊరిని చుట్టిన ప్రాకారం చేరుకోవచ్చు. సుమారు 9 కిలోమీటర్ల ఈ ప్రాకారం ఒకనాడు శత్రువును ఆపడానికి కట్టినది. నేడు చెట్ల నీడన సైకిళ్లు సాగే బాట.

ఆగవలసిన వీధి

మాజ్జీని వీధిలో మాత్రం సైకిల్ దిగి నడవాలి. ఎస్టే పాలన 1598లో ముగిసి ఊరు పోప్ ఏలుబడిలోకి వెళ్లింది. 1627లో యూదులను ఈ చుట్టుపక్కల వీధులకే పరిమితం చేసి, రాత్రివేళ ద్వారాలు మూసేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి నుంచి నాజీ శిబిరాలకు తరలించిన యూదుల పేర్లు ప్రార్థనా మందిరం గోడపై చెక్కి ఉన్నాయి. అదే ఊరిలోని పాత జైలు భవనంలో ఇప్పుడు ఇటలీ యూదుల జాతీయ మ్యూజియం నడుస్తోంది. అందమైన వీధులను చూసి వెళ్లే యాత్రికుడు ఆ ఫలకం ముందు ఒక నిమిషమైనా నిలబడకపోతే, ఈ ఊరిని సగమే చూసినట్లు.

పళ్లెంలో పదాలు

ఇక్కడి వంటకాల పేర్లే వాటి రూపాన్ని చెబుతాయి. ‘కప్పెల్లాచ్చి’ అంటే మొరటు టోపీలు. పాస్తా పిండిని పలుచగా వత్తి, ఉడికించిన గుమ్మడి గుజ్జు, జున్ను, జాజికాయ పొడి కలిపి నింపి, రైతుల గడ్డి టోపీలా మడుస్తారు. డ్యూక్ ఆస్థానంలో పనిచేసిన జోవన్ బత్తిస్తా రోసెట్టి 1584లో ప్రచురించిన గ్రంథంలోనే గుమ్మడి నింపిన పాస్తా ప్రస్తావన ఉంది. 2016లో దీనికి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు లభించింది. గుమ్మడి తీపి, జున్ను ఉప్పదనం ఒకే ముద్దలో కలవడం దీని ప్రత్యేకత.

‘కోప్పియా’ అంటే జంట. మెలితిప్పిన రెండు పిండి ముక్కలను నడుమ కలిపి కాల్చే ఈ రొట్టెకు నాలుగు కొమ్ములుంటాయి. కొమ్ములు కరకరలాడతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. 2001లోనే దీనికి ఆ గుర్తింపు దక్కింది. ‘సలామా ద సూగో’ ఎర్ర ద్రాక్షసారా, మసాలాలు కలిపి నెలల తరబడి మాగబెట్టిన పంది మాంసం. గంటల పాటు ఉడికించి, బంగాళాదుంప ముద్దతో వడ్డిస్తారు. చివర బాదం, మసాలాలతో చేసి చాక్లెట్ పూత పూసిన ‘పాంపపాతో’ ఉంటుంది. సన్యాసినుల మఠంలో అది పుట్టిందని ఊరివారు చెబుతారు.

తెలుసుకోవలసినవి

శాకాహారులు కొంత జాగ్రత్తగా ఉండాలి. కప్పెల్లాచ్చిని మాంసపు కూరతోనూ, వెన్న, సేజ్ ఆకులతోనూ వడ్డిస్తారు. రెండోదే కావాలని ముందుగా చెప్పాలి. అందులోని పార్మిజానో జున్ను తయారీలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కోప్పియా పిండిలో పంది కొవ్వు కలుస్తుంది. రొట్టెయే కదా అని అడగకుండా తినేవారు ఇక్కడే పొరబడతారు.

మధ్యాహ్న భోజనం ముగిశాక చాలా భోజనశాలలు రాత్రి వేళ వరకు వంట ఆపేస్తాయి. పాత పేటలో నది గులకరాళ్లు పరిచిన వీధులున్నాయి, వానకు జారుతాయి. చీకటి పడితే సైకిల్‌కు దీపం తప్పనిసరి.

ఫెర్రారా తన వీధులను సైకిల్ కోసం నిర్మించలేదు. సైకిల్ పుట్టడానికి శతాబ్దాల ముందే అవి ఉన్నాయి. మనిషి నడకకు సరిపడే కొలతను చెడగొట్టకుండా కాపాడుకోవడమే ఆ ఊరు చేసిన పని. రోడ్లు వెడల్పు చేస్తూనే నడిచేవారికి చోటు కరవవుతున్న నగరాలకు ఇందులో ఆలోచించవలసిన విషయముంది.